చెరువు చూడటానికే అయితే కట్టను కాసేదెవరు?

(సికింద్రాబాద్ సమీపంలోని బొల్లారంలో మన సంఘం సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



చెరువుల గురించి మాట్లాడుకోవడానికి బొల్లారం తగిన చోటే. పటాన్‌చెరు పక్కనున్న పారిశ్రామికవాడ బొల్లారం కాదు, మనం కూర్చున్న ఈ కంటోన్మెంట్ బొల్లారం సంగతే చెబుతున్నాం. ఇక్కడి నుంచి పడమటికి పోతే కొంపల్లి, జీడిమెట్ల దగ్గర ఫాక్స్ సాగర్ ఉంది. ఉత్తరాన రాజీవ్ రహదారి పట్టుకుని పోతే శామీర్‌పేట పెద్దచెరువు వస్తుంది. దక్షిణాన అల్వాల్‌లో చిన్నరాయుని చెరువు, కొత్త చెరువు ఉన్నాయి. నగరం నడుమ హుస్సేన్ సాగర్ ఉంది. ఇవన్నీ మట్టికట్టలతో నిలిచినవే. వీటిని కట్టింది సాగుకో తాగునీటికో తప్ప షికారు కోసం కాదు.

ఇవ్వాళ జనం వీటిలో చాలావాటిని పొద్దుటి నడకకూ, పడవ షికారుకూ, సెలవు రోజు పిల్లల్ని తీసుకుపోవడానికీ గుర్తుపెట్టుకుంటున్నారు. మంచిదే. చెరువు గట్టున గాలి పీల్చుకోవడం పట్నం మనుషుల హక్కు కాదని మన సంఘం ఎన్నడూ అనలేదు. ఎండిపోయి, ప్లాట్లుగా మారిపోయి, పేరు మాత్రమే మిగిలిన చెరువుల కంటే పడవలు తిరిగే చెరువు వెయ్యి రెట్లు మేలు.

అయితే మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఒక చెరువు రైతు చేతిలోంచి పోయి షికారు చెరువు అయినప్పుడు దాని కట్టను ఎవరు కాస్తారు? తూము ఎవరు తిప్పుతారు? మత్తడికి అడ్డుపడ్డ చెత్తను ఎవరు తీస్తారు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా వేసిన పూలమొక్కలు, రంగు దీపాలు కట్ట కింద ఉన్నవాళ్ల ప్రాణాల మీదికి తెస్తాయి. ఈ పూట చెప్పదలచుకున్నది ఇదే.

నీళ్లు ఎక్కి దిగితేనే చెరువు

మన పెద్దలకు చెరువంటే నాలుగు భాగాలు. కట్ట, తూము, మత్తడి, శిఖం. కట్ట నీళ్లను ఆపుతుంది. తూము పొలానికి ఇస్తుంది. మత్తడి ఎక్కువైన నీళ్లను కట్టకు దెబ్బ తగలకుండా బయటికి పంపుతుంది. ఆంధ్రా వైపు దీన్నే అలుగు అనీ కలుజు అనీ అంటారు. శిఖం నీళ్లు నిలిచే నేల. వీటిలో ఏది పాడైనా మిగతా మూడూ పాడవుతాయి.

సాగు చెరువుకు ఒక ఏడాది లెక్క ఉంటుంది. వానకాలం నిండుతుంది. నాట్ల నుంచి కోతల దాకా తూము ద్వారా దిగుతుంది. ఎండాకాలం వచ్చేసరికి అడుగు కనిపిస్తుంది. అప్పుడు పూడిక మట్టిని బండ్ల మీద పొలాలకు తోలుకుంటాం. లోపలి వైపు రాతికట్టడం జారిందా, కట్టకు ఎలుక బొక్కలు పడ్డాయా, తూము రాళ్లు కదిలాయా అన్నీ ఆ రెండు నెలల్లోనే కంటికి కనిపిస్తాయి. మళ్లీ వాన వచ్చేనాటికి చెరువు ఖాళీగా ఉంటుంది కాబట్టి మొదటి వరద ఎంత గట్టిగా వచ్చినా కడుపులో దాచుకుంటుంది.

ఇదంతా చూసుకునేందుకు నీరటి ఉండేవాడు. ఏ మడికి ఎప్పుడు నీళ్లివ్వాలో, ఏ రాత్రి కట్ట మీద పడుకోవాలో అతనికి తెలుసు. కోతలప్పుడు కల్లంలో అతని వంతు గింజలు అతనికి కొలిచేవాళ్లు. అంటే కట్టను కాసే మనిషి జీతం ఆయకట్టు పంటలోంచే వచ్చేది. చెరువు కట్టినవాళ్లకూ బాగుచేసినవాళ్లకూ దాని కింది భూమిలో వాటా ఇచ్చే దశబంధం పద్ధతి కూడా ఈ ఆలోచన మీదే నడిచింది. కట్ట నిలిస్తేనే పంట, పంట ఉంటేనే కట్టకు కాపలా.

షికారు చెరువు లెక్క వేరు. అక్కడ నీళ్లు ఎప్పుడూ నిండుగా కనిపించాలి. ఎండాకాలంలో అడుగు కనిపిస్తే చూడటానికి బాగుండదు, పడవ నడవదు, టికెట్టు తెగదు. కాబట్టి తూము మూస్తారు, లేదా పట్టించుకోకుండా వదిలేస్తే అదే తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. పట్నంలో ఎండాకాలం కూడా మురుగు కాలువలు పారుతూనే ఉంటాయి కాబట్టి చెరువు దిగదు. వానకాలం మొదలయ్యేనాటికే నిండుకుండలా ఉంటుంది. వరద పట్టే చోటు లేదు. అడుగు చూసే రోజు లేదు. చూసే మనిషీ లేడు.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. 50 ఎకరాల చెరువులో నీటిమట్టం ఒక్క మీటరు తగ్గించి పెడితే దాదాపు రెండు లక్షల ఘనపు మీటర్ల చోటు మిగులుతుంది. అంటే 20 కోట్ల లీటర్లు. చెరువు పైనున్న 500 ఎకరాల మీద 10 సెంటీమీటర్ల వాన పడి, ఒక్క చుక్క ఇంకకుండా మొత్తం వచ్చి పడినా ఆ చెరువు పట్టుకోగలదు. పొలాలుంటే అందులో కొంత ఇంకుతుంది. సిమెంటు రోడ్లు, మిద్దెలు అయితే దాదాపు అంతా, అదీ గంటా రెండు గంటల్లో, వచ్చి పడుతుంది. పట్నం చెరువుకు ఆ మీటరు చోటు పల్లె చెరువు కంటే ఎక్కువ అవసరం. దాన్నే మనం పడవల కోసం నింపి పెడుతున్నాం.

ఆరు వందల ఏళ్ల కిందట చెప్పిన మాట

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు కట్టించిన వివరాలు అందులో ఉన్నాయి. రెండేళ్లపాటు రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని రాశారు. అంతకంటే మనకు పనికొచ్చే విషయం, మంచి చెరువుకు కావాల్సిన పన్నెండు అంగాలనూ, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలనూ ఆ శాసనం వరుసగా చెప్పింది.

ఆ ఆరు దోషాల్లో మొదటిది కట్ట నుంచి నీరు ఊరడం. చవుడు నేల ఇంకొకటి. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం మరొకటి. చెరువు నడుమ మిట్ట ఉండటం, నీళ్లు తక్కువై సాగు భూమి ఎక్కువ కావడం కూడా దోషాలే. చివరిది, నీళ్లు ఎక్కువై వాటి కింద భూమి తక్కువ కావడం.

ఆ చివరి దోషాన్ని మళ్లీ ఒకసారి ఆలోచించండి. నీళ్లెక్కువై భూమి తక్కువైతే నష్టమేమిటి, మంచిదే కదా అనిపిస్తుంది. కాదు. వాడుకునే భూమి లేని నీళ్లు కట్ట మీద భారంగా నిలిచి ఉంటాయి. వాడుకునే మనుషులు లేని కట్టకు కాపలా ఉండదు. ఇవ్వాళ హైదరాబాద్ చుట్టూ ఆయకట్టు అంతా ప్లాట్లయిపోయి, చెరువులోకి మురుగు మాత్రం పారుతూ ఉన్న ప్రతి చోటా ఉన్నది ఈ దోషమే.

గొప్పవాళ్ల షికారు చెరువు కథ

ఇట్లాంటి చెరువు ఒకటి తెగితే ఏమవుతుందో చెప్పడానికి దూరదేశపు కథ ఒకటి చెప్పాలి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో సౌత్ ఫోర్క్ అనే చోట 72 అడుగుల ఎత్తున మట్టికట్ట ఒకటి ఉండేది. సరుకుల పడవలు నడిచే కాలువకు నీళ్లివ్వడానికి అక్కడి ప్రభుత్వం దాన్ని కట్టించింది. 1853లో పని పూర్తయింది. అప్పటికే రైళ్లు వచ్చేశాయి. కాలువతో పని లేకపోయింది, కట్టతోనూ పని లేకపోయింది. చేతులు మారింది. మధ్యలో కొన్న ఒకాయన కట్ట అడుగున నీళ్లు వదలడానికి ఉన్న ఇనుప గొట్టాలు పీకించి పాత ఇనుము కింద అమ్ముకున్నాడు. మన భాషలో చెప్పాలంటే తూమునే అమ్ముకున్నాడు.

1879లో పిట్స్‌బర్గ్ నగరంలోని ధనవంతులు క్లబ్బు పెట్టి ఆ చెరువును షికారుకు తీసుకున్నారు. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ, బొగ్గు వ్యాపారి హెన్రీ ఫ్రిక్ అందులో సభ్యులు. తెగిన చోట కట్టను పూడ్చారు గానీ తూము మళ్లీ పెట్టలేదు. గుర్రపు బండ్లు ఎదురెదురుగా పోవాలని కట్ట పైభాగాన్ని కొంత తొలగించి వెడల్పు చేశారు. అంటే ఎత్తు తగ్గించారు. తెచ్చి వదిలిన చేపలు పోకుండా మత్తడి దగ్గర జల్లెడలు బిగించారు.

కట్టకు 14 మైళ్ల కింద జాన్స్‌టౌన్ పట్టణం ఉంది. అక్కడి ఉక్కు కర్మాగారం నడిపే డేనియల్ మోరెల్‌కు అనుమానం వచ్చి 1880లో ఇంజినీరును పంపించాడు. తూము లేదు, కట్ట ఊరుతోంది అని ఇంజినీరు రాశాడు. మరమ్మతు ఖర్చులో పాలు పంచుకుంటామని మోరెల్ అన్నాడు. క్లబ్బు వినలేదు, మీకేమీ భయం లేదని జవాబు ఇచ్చింది.

1889 మే 31న గట్టి వానకు చెరువు కట్ట మీదికి ఎక్కింది. నీళ్లు దించడానికి తూము లేదు. మత్తడి జల్లెడలకు కొమ్మలూ చెత్తా పట్టుకుని నీళ్లు పోవడం లేదు. కూలీలు కట్ట మీద మట్టి పోశారు, పక్కన కొత్త కాలువ తవ్వబోయారు. సాయంత్రంలోగా కట్ట తెగింది. జాన్స్‌టౌన్ కొట్టుకుపోయింది. 2,209 మంది చనిపోయారు. చనిపోయినవాళ్లలో ఎక్కువ మంది కార్మికులూ వాళ్ల కుటుంబాలే. కోర్టుకు పోతే క్లబ్బు బాధ్యత ఏమీ లేదని తేలింది.

ఇందులో మన చెరువుల దగ్గర జరగనిది ఏముందో చూడండి. తూము పోవడం ఉంది. కట్ట మీద రోడ్డు ఉంది. మత్తడి దగ్గర జల్లెడ ఉంది, మన దగ్గర దానికి గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు పట్టుకుంటాయి. షికారు పైవాళ్లది, ముంపు కిందివాళ్లది. మనకు పేర్లే వేరు.

చిన్న కట్టే కదా అని

అది 72 అడుగుల కట్ట, మాది మనిషి రెండు నిలువుల కట్ట, దానికేం భయం అని కొందరు అనవచ్చు. అదే దేశంలో జార్జియా రాష్ట్రంలో కెల్లీ బార్న్స్ అనే ఇంకొక చిన్న కట్ట ఉండేది. కరెంటు తయారీకి కట్టారు. 1957లో కరెంటు ఆపేశాక షికారు చెరువుగా మిగిలింది. కట్ట వాలు మీద చెట్లు పెరిగాయి. 1977 నవంబర్ 6 రాత్రి అందరూ నిద్రలో ఉండగా తెగింది. కింద ఉన్న చిన్న కాలేజీలో 39 మంది చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి ప్రభుత్వం దేశమంతటా ప్రైవేటు కట్టల తనిఖీ మొదలుపెట్టింది.

మన దేశంలో డ్యామ్ సేఫ్టీ చట్టం 2021లో వచ్చింది. ఆ చట్టం చూసేది 15 మీటర్లు దాటిన కట్టలను. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటిలో పొడవు, నిల్వ వంటి కొన్ని షరతులకు సరిపడే వాటిని కూడా చూస్తుంది. మన ఊరి చెరువులు, పట్నం చెరువులు దాదాపుగా అన్నీ దాని చూపుకు అందవు. పెద్ద డ్యాములకు చట్టం ఉండాల్సిందే. కానీ చిన్న కట్టకు చట్టం లేదు, నీరటి లేడు, ఆయకట్టు లేదు. ఇక ఏ భరోసా మీద నిలబడుతుంది?

2020 అక్టోబర్‌లో మనం చూశాం. హైదరాబాద్ వానలకు గగన్‌పహాడ్ అప్ప చెరువు, బండ్లగూడ వైపు పల్లె చెరువు, బాలాపూర్ గుర్రం చెరువు తెగాయి. ప్రాణాలు పోయాయి, కాలనీలు మునిగాయి. ఇక్కడి ఫాక్స్ సాగర్ కట్ట ఏమవుతుందోనని జనం రాత్రిళ్లు నిద్రపోలేదు. ఉమామహేశ్వర కాలనీ వారాల తరబడి నీళ్లలోనే ఉంది. హుస్సేన్ సాగర్ నిండు మట్టం 513.41 మీటర్లు. వాన గట్టిగా పడిన ప్రతిసారీ ఆ అంకె పేపర్లలో వస్తుంది, అశోక్‌నగర్, దోమలగూడ బస్తీలవాళ్లు సామాన్లు పైకెత్తుకుంటారు.

చిన్న చెరువు ఒంటరిగా తెగదు. మనవి గొలుసుకట్టు చెరువులు. పైది తెగితే కిందిదాని మీద పడుతుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌ను ముంచినప్పుడు పైన రెండు వందలకు మించి చెరువులు తెగాయని విచారణ చేసిన విశ్వేశ్వరయ్య రాశారు. పెద్ద వరదలో చిన్న కట్టల వంతు అంత ఉంటుంది.

ఎవరిదో తెలియని కట్ట

పోరుమామిళ్ల శాసనం చెప్పిన సరిహద్దు దోషం కూడా మన కళ్ల ముందే ఉంది. అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు మట్టికట్ట 2024 జులైలో తెగింది. రాష్ట్రం విడిపోయాక కట్ట తెలంగాణలో ఉండిపోయింది. ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోని వేలేరుపాడు, కుక్కునూరు మండలాల్లో పడింది. మరమ్మతు డబ్బు ఎవరు పెట్టాలన్న మాట ఏళ్ల తరబడి తేలలేదు. చివరికి రెండు వైపులా రైతుల పొలాల్లో ఇసుక మేటలు పడ్డాయి.

బొల్లారం చుట్టుపక్కల చెరువులకు రెండు రాష్ట్రాల సరిహద్దు లేదు. కానీ ఒకే చెరువు మీద ఎన్ని ఆఫీసులున్నాయో లెక్కపెట్టండి. నీళ్లు ఒక శాఖవి. నేల రెవెన్యూది. కట్ట మీద నడకదారి మున్సిపాలిటీదో కంటోన్మెంట్‌దో. మురుగు ఇంకొక బోర్డుది. చేపలు మత్స్య శాఖవి. ఆక్రమణలు చూడటానికి 2024 జులై నుంచి హైడ్రా వచ్చింది. ఇంతమంది ఉన్న చోట అర్ధరాత్రి వానలో తూము తలుపు ఎత్తాల్సిన ఒక్క మనిషి పేరు ఏ కాగితం మీద ఉందో అడగండి. పేరు చెప్పగలిగితే సంతోషం. చెప్పలేకపోతే ఆ కట్ట సరిహద్దులో ఉన్నట్టే.

రైతులకు ఈ పని అప్పగించే చట్టం ఒకటి ఉంది. 1997లో ఉమ్మడి రాష్ట్రంలో నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. తెలంగాణలో వాటికి ఎన్నికలు జరగక ఏళ్లయింది. సంఘం లేదు, నిధి లేదు, అడిగే నోరు లేదు.

నిండుగా ఉంచితే మునిగేది ఎవరి పొలం?

మిషన్ కాకతీయ 2015 మార్చిలో మొదలైంది. 46 వేలకు మించిన చెరువులను బాగుచేస్తామన్నారు. పూడిక తీసిన చోట మట్టి పొలాలకు చేరింది, బావుల్లో నీళ్లు పెరిగాయి. ఆ మేలును మనం కాదనం. ఆ కార్యక్రమంలోనే మినీ ట్యాంక్‌బండ్‌ల పేరుతో నియోజకవర్గానికి ఒక చెరువును షికారు చెరువుగా మార్చే పని కూడా పెట్టారు. సిద్దిపేట కోమటి చెరువు దానికి పేరున్న ఉదాహరణ. ఇవ్వాళ ఏ పట్టణానికి పోయినా మాకూ ఒక మినీ ట్యాంక్‌బండ్ కావాలన్న మాట వినిపిస్తుంది.

సౌకర్యం కావాలనడంలో తప్పు లేదు. కానీ ఏడాది పొడుగునా నీళ్లు నిండుగా ఉంచాలన్నప్పుడు నష్టపోయేవాళ్లు ముగ్గురున్నారు.

మొదటివాళ్లు శిఖం పట్టాదారులు. నీళ్లు దిగాక, ఆ తడి మీద యాసంగిలో ఏదో ఒక పంట తీసుకునే చిన్న రైతులు వాళ్లు. నీళ్లు దిగకపోతే వాళ్ల భూమి శాశ్వతంగా మునిగినట్టే. సేకరణ నోటీసు లేదు, పరిహారం లేదు. భూమి పట్టాలో ఉంటుంది, చెరువులో ఉంటుంది, చేతిలో మాత్రం ఉండదు.

రెండోవాళ్లు ఇంకా సాగు చేస్తున్న ఆయకట్టు రైతులు. మేడ్చల్, శామీర్‌పేట వైపు కూరగాయలు, వరి, పశుగ్రాసం పండించేవాళ్లు ఇంకా ఉన్నారు. పడవల కోసం తూము మూస్తే వాళ్ల కాలువ ఎండుతుంది. తెరిస్తే మురుగు వస్తుంది. రెండింటిలో ఏది జరిగినా మార్కెట్‌లో వాళ్ల కూరగాయకు ధర పడిపోతుంది.

మూడోవాళ్లు చెరువు మీద బతికే ముదిరాజ్, గంగపుత్ర సోదరులు. పడవ షికారుకు టెండరు పిలిచిన రోజున వాళ్ల వల వేసే చోటు తగ్గుతుంది. వేలంపాట డబ్బు ఎవరికి పోతుందో, కట్టకు అందులోంచి ఎంత వస్తుందో ఎవరూ చెప్పరు.

షికారూ సాగూ కలిసి ఉండలేవా? ఉండగలవు. ములుగు జిల్లా లక్నవరం కాకతీయుల కాలం చెరువు. వేలాడే వంతెన మీద నడవడానికీ, పడవలెక్కడానికీ ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అదే చెరువు గోవిందరావుపేట వైపు పొలాలకు నీళ్లిస్తోంది. యాత్రికుడి కోసం నీళ్లు ఆపాలన్న మాట వచ్చిన రోజున ఆయకట్టు రైతు అడ్డుపడతాడు. ఆ రైతు ఉన్నన్నాళ్లూ తూము పనిచేస్తుంది, కాబట్టి కట్ట కూడా బతుకుతుంది. షికారును ఆయకట్టు కింద పెట్టాలి గాని, ఆయకట్టును షికారు కింద పెట్టకూడదు.

కట్టను చూడటం ఎట్లా

ఈ శిక్షణ తరగతి నుంచి ప్రతి సభ్యుడూ కట్టను చూసే పద్ధతి నేర్చుకుని పోవాలి. ఇంజినీరు పని ఇంజినీరుదే. కానీ మొదట చూసే కన్ను మనదే.

వానలకు ముందు మే నెలలో ఒకసారి కట్ట పొడుగునా నడవండి. కట్ట పైభాగం అంతా ఒకే మట్టంగా ఉందా చూడండి. జనం, పశువులు, బండ్లు దాటే చోట దిగిపోయి ఉంటుంది. వరద మొదట పొర్లేది ఆ చోటు నుంచే. ముందు అక్కడ మట్టి వేసి దిమ్మిస కొట్టాలి.

కట్ట వాలు మీద తుమ్మ, వేప మొక్కలు చిన్నగా ఉన్నప్పుడే పీకేయాలి. పెద్ద చెట్టయ్యాక నరికి వేరు వదిలేస్తే ఆ వేరు లోపల కుళ్లి నీళ్లకు దారి అవుతుంది. కాబట్టి పెద్ద చెట్ల విషయంలో ఇంజినీరును అడగకుండా గొడ్డలి పెట్టవద్దు. ఎలుక బొక్కలు, చీమల పుట్టలు తవ్వి కొత్త మట్టితో గట్టిగా పూడ్చాలి. కట్ట మీద పూలతోట పెట్టి రోజూ నీళ్లు పారిస్తే కట్ట మెత్తబడుతుంది, ఊట వస్తున్నా తెలియదు. రాళ్లు పరిచిన నడకదారి కింద ఏం జరుగుతోందో కంటికి కనిపించదు. సుందరీకరణ చేసేవాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి.

వానకాలంలో కట్ట వెనక వైపు, అంటే పొలాల వైపు చూడండి. కొద్దిగా ఊట ఉండటం మట్టికట్టకు సహజం. వచ్చే నీళ్లు తేటగా ఉంటే రోజూ గమనించండి. బురదగా వస్తే ప్రమాదం. లోపలి మట్టి నీళ్లతో పాటు బయటికి పోతోందని అర్థం. అట్లాంటి బుంగను కట్ట వెనక నుంచి గుడ్డలతో, మట్టితో బిగించి మూయబోకండి. నీళ్లు ఇంకొక చోట బుంగ చేసుకుంటాయి. దాని మీద ఇసుక, ఆ పైన కంకర వేసి, చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, మట్టి రాకుండా నీళ్లు మాత్రం వచ్చేట్టు చేయాలి. వెంటనే అధికారులకు చెప్పాలి, కట్ట కిందివాళ్లను లేపాలి.

తూమును ఏడాదికి రెండుసార్లయినా ఎత్తి దించి చూడాలి. వరద వచ్చిన రాత్రే మొదటిసారి తిప్పితే అది తిరగదు. భయపడి నీళ్లన్నీ ఒక్కసారిగా దించినా లోపలి వాలు జారే ప్రమాదముంది. అందుకే ముందునుంచే నిదానంగా తగ్గించుకోవాలి. మత్తడి మీద ఇటుక గోడ కట్టి, ఇసుక బస్తాలు పెట్టి నీళ్లు పెంచుకోవడం అందరి ప్రాణాలతో ఆట. ఎవరు చేసినా, మనవాళ్లు చేసినా, ఆపాలి. మత్తడి కింది కాలువ ఊరు దాటేదాకా తెరిచి ఉందో లేదో కూడా నడిచి చూడండి. మత్తడి బాగుండి కింద కాలువ మీద ఇళ్లుంటే ఫలితం లేదు.

మనం అడిగేవి

షికారు చెరువుగా మార్చే ఏ చెరువైనా సరే, ముందు తూము, మత్తడి, మత్తడి కాలువ బాగుచేయాలి. ఆ తర్వాతే దీపాలు, బెంచీలు. ఖర్చు లెక్కలో మొదటి రూపాయి కట్టకు పోవాలి.

వానకాలం మొదలయ్యే ముందు ప్రతి చెరువులోనూ వరదకు చోటు ఉండేట్టు నీటిమట్టం తగ్గించాలి. ఎంత తగ్గించాలో ఇంజినీర్లు చెరువు చెరువుకూ లెక్కగట్టి, ఆ గీతను తూము రాయి మీద అందరికీ కనిపించేట్టు రాయాలి.

ప్రతి చెరువుకూ జీతమున్న నీరటి ఉండాలి. అతని పేరు, ఫోన్ నంబరు కట్ట మీద బోర్డు పెట్టాలి. పడవలు, దుకాణాలు, టికెట్ల మీద వచ్చే డబ్బులో వాటా కట్ట నిర్వహణకే కేటాయించాలి. ఒకప్పుడు ఆయకట్టు పంట చేసిన పని ఇప్పుడు టికెట్టు డబ్బు చేయాలి.

2012లో వచ్చిన జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు నిండు మట్టం బయట 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు ఖాళీ ఉంచాలి. దాన్ని పెద్దల విల్లాల దగ్గరా, పేదల గుడిసెల దగ్గరా ఒకే కొలతతో అమలు చేయాలి. హద్దులు వేసేటప్పుడు శిఖం పట్టాదారులకు నోటీసు ఇచ్చి, వాళ్ల ముందే కొలవాలి. ఏడాది పొడుగునా ముంచదలచుకుంటే భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం ఇవ్వాలి.

చిన్న కట్టలకు కూడా తనిఖీ చట్టం కావాలి. కింద కాలనీలు, బడులు ఉన్న ప్రతి మట్టికట్టనూ ఎత్తుతో పనిలేకుండా వానలకు ముందు, వానల తర్వాత తనిఖీ చేసి, ఆ నివేదికను గ్రామసభలో, వార్డు సభలో చదవాలి. నీటి సంఘాలకు ఎన్నికలు జరపాలి. పట్నం చెరువుల సంఘాల్లో కట్ట కింద ఉండే బస్తీ జనానికి, చేపలు పట్టేవాళ్లకు కూడా చోటివ్వాలి.

కాలనీ సంఘాలవాళ్లు మనకు ఎదురు పక్షం కాదు. పొద్దున నడకకు వచ్చే మనిషి కట్ట మీద పగులు చూసి చెబితే అతనూ ఒక నీరటే. అతనికి ఏం చూడాలో చెప్పడం మన పని. రైతుకూ పట్నం మనిషికీ నడుమ ఈ కట్ట గోడ కాకూడదు.

మిత్రులారా, ఈ నెలాఖరులోగా ప్రతి శాఖా తన పరిధిలోని ఒక చెరువు కట్టను నడిచి చూసి, తూము తిరుగుతోందా, మత్తడి తెరిచి ఉందా, కాపలా ఎవరు అన్న మూడు ప్రశ్నలకు జవాబులు రాసి సంఘం కార్యాలయానికి పంపాలి. వాటన్నిటినీ కలిపి వానలకు ముందే కలెక్టరుకు ఇద్దాం. మన చేతిలో పలుగు, పార ఉన్నప్పుడు కట్టను కాపాడుకున్నాం. ఇప్పుడు కాగితం, కలం కూడా పట్టి కాపాడుకుందాం.

సెలవు.